మన పరువు మనమే తీసుకుంటే...

వికారాబాద్, తాండూరు మీదుగా వాడి జంక్షన్ వైపు పోయే పట్టాలు బొంబాయి దాకా వెళ్తాయి. ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉన్న కొడంగల్ 2016 దాకా పాలమూరు జిల్లాలోదే. పాలమూరు పల్లెల జనం ఏళ్ల తరబడి బతుకుతెరువుకు బొంబాయి బాట పట్టారు. అక్కడి కామాఠిపురకు ఆ పేరు తెలుగు కూలీలైన కామాఠీల వల్లే వచ్చింది.

ఆ నగరపు ధారావిలో డ్రైవర్ కొడుకు ర్యాపర్‌గా మారే కథ ‘గల్లీ బాయ్’. జోయా అఖ్తర్ తీసిన ఈ సినిమా 2019 ఫిబ్రవరి 14న విడుదలైంది. డివైన్, నేజీ అనే నిజమైన ర్యాపర్ల జీవితాలే దీనికి ప్రేరణ. నేజీ తన ‘ఆఫత్’ పాటను తండ్రి ఇచ్చిన ఐప్యాడ్‌తోనే రికార్డు చేసి, దానితోనే వీడియో కూడా తీశాడు. స్టూడియో లేదని ఆగలేదు.

ఆ సినిమాలో మన తెలుగమ్మాయి రాజకుమారి కూడా తళుక్కుమంటుంది. అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు, పుట్టింది కాలిఫోర్నియాలో. కూచిపూడి నేర్చుకుని ర్యాప్‌లోకి వచ్చింది. తాళం కాళ్లకు తెలిసినవాళ్లకు మాట తడబడదేమో! అదే సినిమాలోని ‘ఇండియా 91’ పాటలో ర్యాపర్ల పక్కన మృదంగం మోగుతుంది.

2020లో ‘గల్లీ బాయ్’కి ఫిల్మ్‌ఫేర్ అవార్డులు 13.

ఈ తరహా కథలకు పెద్దన్న 2002లో వచ్చిన ‘8 మైల్’. డెట్రాయిట్ నగరాన్ని ఉత్తరపు శివార్ల నుంచి వేరుచేసే రోడ్డు పేరే సినిమా పేరు. మొదట్లో హీరో ఎమినెమ్ మైకు పట్టుకుని నోరు పెగలక స్టేజీ దిగిపోతాడు. చివరి పోటీలో మాత్రం ఒక ఎత్తు వేస్తాడు. తన పేదరికం, ట్రైలర్ ఇంట్లో కాపురం, పడ్డ అవమానాలు, ఎదుటివాడు ఎత్తిపొడవబోయేవన్నీ తానే ముందు చెప్పేస్తాడు. అవతలివాడికి అనడానికి ఏమీ మిగలదు, మైకు చేతిలో ఉన్నా నోరు లేవదు. నా లెక్కలో పోటీ సన్నివేశాల్లో దీన్ని మించింది లేదు. అరిచి గెలిచేవాళ్లను చాలామందిని చూశాం గానీ, తన లోపాలు తానే చెప్పి గెలిచినవాడు అరుదు.

అందులోని ‘లూజ్ యువర్‌సెల్ఫ్’ ఆస్కార్ గెలిచిన తొలి ర్యాప్ పాట. 2003లో పేరు పిలిచే వేళకు ఎమినెమ్ హాల్లో లేడు, ఇంట్లో నిద్రపోతున్నాడు! సహరచయిత లూయీస్ రెస్టో వెళ్లి అందుకున్నాడు. ఆ వేదిక మీద ఎమినెమ్ ఆ పాట పాడింది 2020లో.

తెలుగువాళ్లలో చాలామంది చెవిన పడ్డ తొలి ర్యాప్ 1994 నాటి ‘ప్రేమికుడు’లో రెహమాన్ చేసిన పేట ర్యాప్. తర్వాత హైదరాబాద్ కుర్రాడు రోల్ రైడా 2018లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లడంతో ర్యాపర్ అనే మాట ఇంటింటి టీవీలోకీ వచ్చింది.

ఇక మొదట్లో చెప్పిన తాండూరు సంగతి. కర్ణాటక పొలిమేర ఊరు. బండల గనులు, కందుల వ్యాపారం సరే. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి. అక్కడి పిల్లగాడు ర్యాప్ కట్టడానికి కూర్చుంటే ప్రాసకు తెలుగులో మాట తట్టకపోయినా ఉర్దూలో తడుముకోవచ్చు, కన్నడలోనూ వెతుక్కోవచ్చు.