గ్రామ స్త్రీలకు సైకిలు త్రోవ

పుదుచ్చేరి సముద్రతీరమున సమతలముపై నున్న పట్టణము. తిన్నని వీధులు, చుట్టును బులువార్డులు కలిగి సైకిలు ప్రయాణమునకు అనువైనది. కాని విల్లియనూరు, బాహూరు వంటి ఊళ్లనుండి పనికిని, బడికిని, ఆసుపత్రికిని వచ్చు స్త్రీకి ఈ సౌకర్యము పట్టణములోనే ఆగిపోవును. పొలిమేర దాటినంతనే ఆమె లారీల నడుమ, బస్సుల ప్రక్కన, ప్రాణములు అరచేత బెట్టుకొని పోవలసి యుండును.

పెద్దలకు వారమునకు 150 నిమిషములైనను ఒక మోస్తరు శరీరశ్రమ అవసరమని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది. వారమునకు 5 దినములు, దినమునకు అరగంట సైకిలు త్రొక్కినచో ఇది సమకూరును. రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బుల భయము తగ్గును. గర్భిణులు మాత్రము ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

స్త్రీలకు సైకిలుపై ఆసక్తి లేదనుట పొరపాటు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990వ దశకారంభమున ‘అరివొళి ఇయక్కం’ అను అక్షరాస్యతా ఉద్యమము చదువుతోపాటు సైకిలు త్రొక్కుటయు నేర్పినది. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ దీనిని ప్రోత్సహించిరి. వేలాది గ్రామ స్త్రీలు నేర్చుకొనిరి. ఆడవారి సైకిళ్లు చాలనందున మగవారి సైకిళ్లే ఎక్కిరి. ముందరి కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని కొందరు వానినే మెచ్చిరి. నీటి బిందెలును, అమ్మకపు సరకులును సైకిళ్లపైననే సాగెను. బస్సుకై ఎదురుచూచుట తగ్గెను.

ఇందలి పాఠము స్పష్టము. స్త్రీ ఒంటరిగా, వట్టి చేతులతో పోవునది కాదు. బిడ్డతోను, బరువుతోను పోవును. త్రోవ ఆమెకు తగినట్లుండవలెను.

1. మోటారు దారినుండి గట్టుచే వేరుపడి, ఇరువురు ప్రక్కప్రక్కన పోవునంత వెడల్పు ఉండవలెను.

2. కల్వర్టుల వద్ద తెగిపోరాదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు వానలకు నీరు నిలువరాదు.

3. చీకటిపడిన పిదప ఇల్లు చేరువారికై దీపములుండవలెను. త్రోవ మద్యపు దుకాణముల ముందుగా గాక జనసంచారము గల చోటులగుండా పోవలెను.

4. బడి, సంత, ఆసుపత్రుల వద్ద సైకిలు నిలుపుటకు నీడయు, స్త్రీలకు మరుగుదొడ్డియు ఉండవలెను.

సైకిలు నిచ్చినంతమాత్రమున పని ముగియదు. త్రోవ భయంకరమైనచో తల్లిదండ్రులు బాలికను బడి మాన్పింతురు. సైకిలు ఇంట తుప్పుపట్టును. కావున ఇంజనీర్లును, కమ్యూను పంచాయతీల అధికారులును పటము గీయుటకు ముందే గ్రామ స్త్రీలను పిలిచి, సంధ్యవేళ వారితో ఆ దారిన నడచి, ఎక్కడ భయమో అడిగి తెలిసికొనవలెను. తెలుగువారి యానామునకును ఇదే వర్తించును.