విమానమున నేయాసనము మేలు?

కుమార్తె పురిటికై అమెరికాకు పోవు తల్లులు మా నర్సీపట్నమునను గలరు. విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు గంటన్నరలోపు ప్రయాణమే. అంతవరకు కిటికీ యొద్ద కూర్చుండి మేఘములు చూచుట వేడుకయే. ఆపై దూరప్రయాణమున మాత్రము నడవ ప్రక్క యాసనమే మేలు. నాలుగు గంటలకు మించి కదలక కూర్చున్నచో, కాలి రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టు నపాయము సుమారు రెండింతలగునని 2007లో ప్రపంచారోగ్యసంస్థ తెలిపినది. అపాయ మరుదే, కాని ప్రక్కవారిని లేపుటకు మొగమాటపడి, దప్పిక నడచుకొని, కిటికీ యొద్ద ముడుచుకొని కూర్చుండుట మన స్త్రీలకు పరిపాటి. కుదుపునకు వెఱచువారు ఱెక్కల దాపున నడవ ప్రక్క చోటు కోరవచ్చును, తోకవైపు కుదుపెక్కువ. టిక్కెట్టు కొనునపుడే చోటు నిర్ణయించుకొని, ప్రయాణమున మాటిమాటికి లేచి నడువుడని మా మనవి.