మీటరు మనింట్లో... మీట ఎవరి చేతిలో?

నెలకోసారి కామారెడ్డి జిల్లా దోమకొండ వాడల్లోకి బిల్లు మిషన్ పట్టుకుని మనిషి వస్తాడు. మీటరు ముందు నిలబడి నాలుగు మీటలు నొక్కగానే జానెడు కాగితం బయటికొస్తుంది. చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద బీడీలు చుడుతున్న ఇల్లాలు చేతిపని ఆపకుండానే అడుగుతుంది, "ఎంతొచ్చింది తమ్మీ?" అని. "జీరోనే అక్కా" అన్నాడంటే ఆ నెలకు కరెంటు ముచ్చట అయిపోయినట్టే. కాగితం మడిచి గూట్లో పెట్టేస్తారు. ఎన్ని యూనిట్లు కాలాయో చూసేవాళ్లు తక్కువ. ఎండాకాలంలో మాత్రం ప్రశ్న మారుతుంది: "రెండొందలు దాటిందా?"

పల్లె ఇంటి కరెంటు లెక్కంతా ఇప్పుడు ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతోంది. 2024 ఫిబ్రవరి 27న తెలంగాణ ప్రభుత్వం గృహజ్యోతి పథకాన్ని మొదలుపెట్టింది. తెల్ల రేషన్ కార్డున్న ఇల్లు నెలకు 200 యూనిట్ల వరకు వాడుకుంటే బిల్లు సున్నా. 201వ యూనిట్ కాలిందా, ఆ నెలకు ఉచితం లేదు, మొత్తం కట్టాల్సిందే. ఎంత? 2022-23లో అమల్లోకి వచ్చిన ధరల పట్టిక తీసి చూస్తే తెలుస్తుంది. 200 యూనిట్లకు మొదటి వంద రూ.3.40, రెండో వంద రూ.4.80 చొప్పున కరెంటు ఛార్జీ రూ.820. ఇంకొక్కటి ఎక్కితే ఇల్లు పై తరగతిలోకి పోతుంది. అప్పుడు తొలి రెండొందలకూ యూనిట్‌కు రూ.5.10, ఆ చివరిదానికి రూ.7.70. వెరసి రూ.1,027.70. జీరో బిల్లు వచ్చే ఇంటికి ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయలు దాటుతుందన్నమాట! బీడీల మీద బతికే ఇంట్లో వెయ్యి రూపాయలంటే ఎన్ని రోజుల చాటపనో ఆ ఇల్లాలినే అడగాలి.

రెండొందలు దాటడం అంత కష్టమేమీ కాదు. రెండు సీలింగ్ ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 67 యూనిట్లు. ఫ్రిజ్ దాదాపు 30. టీవీ, బల్బులు, నీళ్ల మోటారు కలిసి పాతిక. ఇక్కడికి 120 చిల్లర. ఏప్రిల్ వచ్చి కూలర్ రాత్రంతా తిరిగితే ఇంకో 54. ఇంట్లో పెళ్లి పడినా, గల్ఫ్ నుంచి కొడుకు సెలవు మీద వచ్చినా మిగిలిన పాతిక యూనిట్లు వారంలో ఆవిరైపోతాయి. బిల్లు చేతికొచ్చేదాకా ఆ సంగతి తెలియదు. పైగా రీడింగ్ నాలుగు రోజులు ఆలస్యంగా తీస్తే స్లాబు మారిపోతుందేమోనన్న అనుమానం ఊరూరా ఉన్నదే.

పాత మీటరు తీసి పెట్టాలంటున్న స్మార్ట్ మీటరుకు పల్లెలో దొరికే గట్టి సమర్థన ఇదే. ఇరవయ్యో తారీఖున "ఇప్పటికి 150 అయింది" అని ఫోన్లో కనిపిస్తే కూలర్ ఓ గంట ముందే ఆపుకుంటారు. కేంద్రం 2020 డిసెంబరులో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, తర్వాతి సవరణలతో కలిపి, స్మార్ట్ మీటరును దూరం నుంచి రోజుకు ఒక్కసారైనా చదవాలని, ఆ లెక్క వినియోగదారుడికి అందాలని చెబుతున్నాయి. తాళం వేసిన ఇంటికి సగటు బిల్లు వేయడం, లేని తారీఖు వేయడం లాంటివి దీంతో పోతాయి.

డబ్బాలో ఏముంది?

మీటర్లు ఇప్పటికే ఒక తరం మారాయి. సన్నటి అల్యూమినియం చక్రం గిరగిరా తిరిగే పాత నల్ల మీటర్లు పోయి, ఎర్ర చుక్క మిణుకుమనే ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చాయి. ఇప్పటి స్మార్ట్ మీటరు కొలిచే తీరులో ఆ ఎర్ర చుక్క మీటరుకు సొంత తమ్ముడే. తేడా రెండు విషయాల్లో. ఒకటి, దానికి మాట వచ్చు. పావుగంటకో అరగంటకో వాడకాన్ని రాసిపెట్టుకుని సెల్ నెట్‌వర్క్ మీదనో రేడియో తరంగాల మీదనో పంపుతుంది. రెండు, దాని కడుపులో ఒక మీట ఉంటుంది. ఆఫీసులో కూర్చుని ఆ మీట నొక్కితే దోమకొండలో ఫ్యాన్ ఆగిపోతుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కక్కర్లేదు, గుమ్మం ముందు నిలబడి మొహమాటపడక్కర్లేదు.

"కొత్త మీటరు ఉరుకుతది" అన్న మాట ఎక్కడికి వెళ్లినా వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది, కొంత భయముంది. అరిగిపోయిన చక్రం మీటరు చిన్న చిన్న వాడకాలను పట్టుకోలేదు. కొత్తది సెట్‌టాప్ బాక్స్ ఊరికే తాగే కరెంటును కూడా వదలదు. ఇంటి వైరింగ్‌లో లీకేజీ ఉండి కరెంటు భూమిలోకి పోతుంటే అదీ లెక్కకెక్కుతుంది. కాబట్టి చక్రం మీటరు తీసి పెట్టిన చోట బిల్లు పెరగవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు తీసి పెట్టిన చోట మాత్రం, వాడకం మారనప్పుడు యూనిట్లు మారకూడదు. మారితే గట్టిగా అడగాల్సిందే. 2024 ఫిబ్రవరి సవరణ ప్రకారం రీడింగ్ మీద ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు బిగించి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూపాలి.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది: లోడు. ఎప్పుడో ఒక కిలోవాట్ పేరుమీద తీసుకున్న కనెక్షన్‌కు ఇవాళ మోటారు, కూలర్, ఇస్త్రీపెట్టె, కొన్ని ఇళ్లలో గీజరు తగిలించి ఉంటాయి. ఒకే క్షణంలో ఎంత లోడు పడిందో స్మార్ట్ మీటరు గుర్తుపెట్టుకుంటుంది. అదనపు లోడుకు డబ్బు కట్టమన్న నోటీసు ఆ దారిన రావచ్చు.

మీటర్ల మీద నడిచిన ఎన్నిక

మీటరు అనే మాట కామారెడ్డి జిల్లాకు కొత్త కాదు. 2023 నవంబరులో కామారెడ్డి నియోజకవర్గంలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, కాబోయే ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఎదురెదురుగా నిలబడ్డారు. వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టనివ్వనన్నది కేసీఆర్ ప్రచారంలో పెద్ద మాట. మీటర్లు పెడితే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అర శాతం అదనంగా అప్పు తెచ్చుకోవచ్చని కేంద్రం చెప్పినా ఒప్పుకోలేదని ఆయన ఊరూరా చెప్పారు. దోమకొండ ఓటర్లు కూడా ఉన్న ఆ నియోజకవర్గం చివరికి ఇద్దర్నీ ఓడించి బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డిని గెలిపించింది.

అయితే బోరు మోటారుకు మీటరు వేరు, ఇంటి మీటరు వేరు. ఈ రెండూ కలిసిపోవడం వల్లే చర్చ ఎప్పుడూ తప్పుదారి పడుతుంది. ఇంటికి మీటరు ఎప్పటినుంచో ఉంది. మీటరు లేకుండా కరెంటు ఇవ్వరాదని 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. ఇప్పుడు జరుగుతున్నది ఆ మీటరును మార్చే ప్రయత్నం. 2021లో కేంద్రం రూ.3 లక్షల కోట్ల పైచిలుకు అంచనాతో ఆర్‌డీఎస్‌ఎస్ పథకం తెచ్చి, దేశంలో 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు బిగించాలని లక్ష్యం పెట్టింది. అప్పట్లో తెలంగాణ అందులో చేరలేదు. అందుకే హనుమకొండ నుంచి నడిచే ఉత్తర డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కింద ఉన్న దోమకొండలో స్మార్ట్ మీటరు గురించి విన్నవాళ్లే ఎక్కువ.

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో కథ వేరేలా నడిచింది. యువగళం పాదయాత్రలో స్మార్ట్ మీటర్లు పగలగొట్టమని పిలుపునిచ్చిన టీడీపీ నేత లోకేశ్ ఇవాళ మంత్రి. ఆయన ప్రభుత్వం వచ్చాక కూడా మీటర్ల పని ఆగకపోవడంతో 2025 వేసవి దాటాక వామపక్షాలు రోడ్డెక్కాయి. ఇంటివాళ్ల అనుమతి లేకుండా బిగించొద్దని ఇంధన మంత్రి గొట్టిపాటి రవికుమార్ అధికారులకు చెప్పాల్సి వచ్చింది. మహారాష్ట్రలో 2024 జూన్‌లో అప్పటి ఉప ముఖ్యమంత్రి ఫడ్నవీస్ సామాన్యుల ఇళ్లకు ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టబోమన్నారు. అదే ఏడాది మే నెలలో వడోదర జనం గొడవ చేస్తే గుజరాత్‌లో పని ఆగింది. ఏ పార్టీ ప్రభుత్వమున్నా జనం ఒకేలా ఎదురుతిరిగారు. రాజకీయం కన్నా లోతైన కారణమేదో ఉందని అప్పుడైనా అర్థం కావాలి.

ముందు డబ్బు, తర్వాత కరెంటు

ఆ కారణం పేరు ప్రీపెయిడ్. కరెంటు వాడుకుని నెల తిరిగాక కట్టే అలవాటును తిరగేసి, ముందు రీచార్జ్ చేస్తేనే దీపం వెలుగుతుందనడం.

ఇప్పుడున్న చట్టంలో బిల్లు కట్టనివారికి కూడా రక్షణ ఉంది. 56వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజులు ముందుగా రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా కరెంటు తీయకూడదు. ఆ పదిహేను రోజుల్లోనే బీడీల పైసలు వస్తాయి, దుబాయ్ నుంచి డబ్బు పడుతుంది. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ అయిపోగానే కరెంటు తీసే అధికారం మీటరుకే వస్తుంది. ఆ మీట పొరపాటున నొక్కుకుంటే ఏమవుతుందో 2020 ఆగస్టు 12న ఉత్తరప్రదేశ్ చూసింది. కృష్ణాష్టమి రోజున లక్షకు పైగా స్మార్ట్ మీటరు ఇళ్లకు కరెంటు పోయింది. వాళ్లలో బిల్లు సక్రమంగా కట్టినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లోనైతే బాకీ ఉన్న ఇళ్లలోకి బలవంతంగా వెళ్లి ప్రీపేమెంట్ మీటర్లు బిగిస్తున్న తీరు 2023 ఫిబ్రవరిలో పత్రికలకెక్కడంతో నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఆ పని ఆపించింది.

దోమకొండకు ఇంకో చిక్కుంది. జీరో బిల్లు నెలాఖరున తేలే లెక్క. ప్రీపెయిడ్ ఏ రోజుకారోజు కోసుకునే లెక్క. పదో తారీఖున కాలిన యూనిట్ ఉచితమో కాదో ముప్పయ్యో తారీఖు వస్తే గానీ తెలియదు. మరి పదో తారీఖున కోయాలా వద్దా? కోసి తర్వాత తిరిగిస్తామంటే పేదింటి చేతి డబ్బు నెలనెలా ఇరుక్కుంటుంది. కోయకుండా వదిలి, 201 దాటిన రోజున ఒక్కసారిగా వెయ్యి రూపాయలు లాగితే ఆ రాత్రే చీకటి.

తిరిగిస్తామన్న మాట మీద జనానికి ఎంత నమ్మకమో గ్యాస్ సిలిండరే చెబుతుంది. పూర్తి ధర కట్టండి, సబ్సిడీ ఖాతాలో వేస్తామని మొదలైన ఏర్పాటు కొన్నేళ్లకు నలభై రూపాయల దగ్గర వచ్చి నిలిచింది. గృహజ్యోతి మొదలైన రోజే ఐదొందల సిలిండరు పథకమూ మొదలైంది. ఒకదాంట్లో బిల్లే సున్నా. రెండోదాంట్లో ముందు మొత్తం కట్టి తేడా కోసం ఖాతా చూసుకోవాలి. ఏది నయమో ఊళ్లో ఏ ఇల్లాలైనా తడుముకోకుండా చెబుతుంది.

అసలు వసూళ్లు రాక డిస్కంలు మునిగాయంటే, ఆ బాకీ చాట ముందు కూర్చున్నవాళ్లది కాదు. 2023 డిసెంబరులో తెలంగాణ అసెంబ్లీలో పెట్టిన శ్వేతపత్రం విద్యుత్ సంస్థల అప్పు రూ.81,516 కోట్లని చెప్పింది. ప్రభుత్వ శాఖలు కట్టాల్సిన బకాయిలే రూ.28 వేల కోట్ల పైచిలుకు. రీచార్జ్ పద్ధతి మంచిదే అయితే ముందు సర్కారు ఆఫీసుల గోడలకు బిగించి, బ్యాలెన్స్ అయిపోయిన నాడు ఏ కలెక్టరేటులో ఫ్యాన్ ఆగుతుందో చూడాలి.

మీటరు ఖర్చు సంగతీ ఉంది. కేంద్రం మామూలు రాష్ట్రాలకు ఇచ్చేది మీటరు ధరలో 15 శాతం లేదా రూ.900, ఏది తక్కువైతే అది. మిగతాది బిగించిన కంపెనీకి నెలనెలా డిస్కం చెల్లిస్తుంది. ఇంటివాళ్లను ఒకేసారి అడగకపోవచ్చు, కానీ డిస్కం ఖర్చు చివరికి చేరేది ధరల పట్టికలోకే. కేరళ ఈ కంపెనీల పద్ధతి వద్దని సొంత ఖర్చుతో పెట్టుకునే దారి పట్టింది. మిషన్ పట్టుకుని ఇంటింటికీ తిరిగే కుర్రాళ్ల జీవనం ఏమవుతుందో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

ఇక గోప్యత. అరగంటకోసారి వాడకం తెలిస్తే ఇంట్లో ఎప్పుడు పడుకుంటారో, ఏ ఇల్లు తాళం వేసి ఉందో తెలిసినట్టే. ఇంటాయన గల్ఫ్‌లో, ఇల్లాలు పుట్టింట్లో ఉండే దోమకొండ లాంటి ఊళ్లో అది చిన్న విషయం కాదు. నెదర్లాండ్స్‌లో 2009లో ఎగువ సభ ఇదే కారణం మీద నిర్బంధ స్మార్ట్ మీటర్ల బిల్లును ఆపేసింది. తర్వాత ఇష్టమైనవాళ్లకే అన్న షరతుతో పెట్టారు.

ఇన్ని చూశాక తేలేది ఇది. రోజూ లెక్క చూపించే మీటరు దోమకొండ ఇంటికి పనికొచ్చేదే, అది నెల తిరిగాక బిల్లిచ్చే మీటరైనంత వరకు. గృహజ్యోతి లెక్క ప్రీపెయిడ్‌లో ఎలా కుదురుతుందో కాగితం మీద రాసి చూపించనంత కాలం రీచార్జ్ మీటరుకు ఒప్పుకోవాల్సిన అవసరం లేదు.

ఈలోగా మీటరు మార్చడానికి ఎవరైనా గుమ్మంలోకి వస్తే కంగారుపడకండి. ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా అడగండి. పాత మీటరు ఆఖరి రీడింగ్, దాని నంబరు, కొత్త మీటరు మొదటి రీడింగ్ కనిపించేలా ఫోన్లో ఫొటో తీసిపెట్టుకోండి. వచ్చినాయన చేత తారీఖు వేయించి సంతకం తీసుకోండి. తేడా వస్తే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. పక్కన రెండో మీటరు పెట్టమని అడిగే హక్కు మీకుంది.