స్పెయిన్‌లో కోటల్లో బస, మఠాల్లో మజిలీ

స్పెయిన్ యాత్ర అనగానే మనవాళ్లు ముందు చూడాల్సినవాటి పట్టిక రాసుకుంటారు. బార్సిలోనాలో సగ్రాద ఫమీలియా, మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియం, సెవిల్, గ్రనడా. హోటల్ సంగతి ఆఖరున తేలుతుంది. స్టేషన్‌కు దగ్గరగా, ధర అందుబాటులో ఏది ఉంటే అది. చాలా దేశాలకు ఈ పద్ధతి సరిపోతుంది. స్పెయిన్‌కు మాత్రం దీన్ని తిరగేయమని నా సలహా. రాత్రి ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకోండి. ఎందుకంటే అక్కడ చూడదగ్గ కట్టడాలు కొన్నిటిలో గది తీసుకుని ఉండవచ్చు. కోటలో, మఠంలో, ప్రభువుల పాత భవంతిలో పడుకుని, పొద్దున్నే లేచి ఆ ఆవరణలోనే కాఫీ తాగవచ్చు.

వీటిని పరడోర్లు అంటారు. స్పెయిన్ ప్రభుత్వ సంస్థే నడుపుతుంది. దేశమంతటా వందకు అటూఇటూగా ఉన్నాయి. ఈ ఆలోచన వేగా ఇంక్లాన్ అనే ప్రభువుది. రాజు 13వ అల్ఫోన్సో కొలువులో ఆయన పర్యాటక వ్యవహారాలు చూసేవాడు. మాడ్రిడ్‌కు పడమరగా ఉన్న గ్రెదోస్ కొండల్లో 1928లో మొదటి పరడోర్ తెరిచారు. అది కొత్తగా కట్టిన విడిది. ఆ తర్వాత చూపు పాత కట్టడాల మీద పడింది. ప్రైవేటు హోటళ్లు వెళ్లని ఊళ్లలో మంచి బస ఏర్పడింది, శిథిలమవుతున్న కోటకు కప్పు పడింది. గది అద్దెతోనే గోడల మరమ్మతు సాగడం నాకు ఈ ఏర్పాటులో అన్నిటికన్నా నచ్చిన సంగతి. తాళం వేసి, తాడు కట్టి కాపాడిన కట్టడం కన్నా, మనుషులు తిరుగుతూ దీపాలు వెలుగుతూ ఉన్న కట్టడం ఎక్కువ కాలం నిలుస్తుందని నా నమ్మకం.

వాయవ్య మూలన గలీసియాలో ఉన్న సాంతియాగో దె కంపోస్తెలాతో మొదలుపెడతాను. క్రైస్తవులు వందల ఏళ్లుగా కాలినడకన చేరే పుణ్యక్షేత్రమది. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి వచ్చే ముఖ్యమైన దారి 780 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంత నడవలేనివాళ్లు సర్రియా ఊరి నుంచి ఆఖరి 100 కిలోమీటర్లకు పైగా నడిచినా యాత్ర పూర్తి చేసినట్టు పత్రం ఇస్తారు. దారిలో జబ్బుపడి, ఒళ్లు హూనమై వచ్చే యాత్రికుల కోసం ఇసబెల్లా రాణి, ఫెర్డినాండ్ రాజు 1499లో ఇక్కడ వైద్యశాల కట్టమని ఆజ్ఞాపించారు. ఇప్పటి పరడోర్ అదే. 1954 నుంచి హోటల్‌గా నడుస్తోంది. లోపల నాలుగు ముంగిళ్లున్నాయి. వాటికి సువార్తలు రాసిన మత్తయి, మార్కు, లూకా, యోహానుల పేర్లు పెట్టారు. గుమ్మం దాటితే ఒబ్రదోయిరో చౌకు, దానికి ఒక పక్కన కెథడ్రల్. వీపు మీద మూటతో వచ్చినవాళ్లు ఆ చౌకులో రాళ్ల మీద వెల్లకిలా పడుకుని గోపురాల వైపు చూస్తూ ఏడుస్తారు, నవ్వుతారు, ముక్కూమొహం తెలియనివాళ్లను కావలించుకుంటారు. మతంతో పని లేకుండా ఆ దృశ్యం మనసును పట్టేస్తుంది. యాత్ర పూర్తి చేసినవారిలో ముందుగా వచ్చిన 10 మందికి ఈ హోటల్‌వాళ్లు రోజూ ఉచితంగా భోజనం పెట్టే ఆనవాయితీ ఉంది. ఐదు నక్షత్రాల హోటల్ తాను ఒకప్పుడు సత్రమన్న సంగతి మరిచిపోలేదు.

అదే యాత్రా మార్గంలో లియోన్ నగరం ఉంది. అక్కడి సాన్ మార్కోస్ మఠం ముఖభాగం మీద శిల్పం లేని చోటు వెతకాలి. కవి కెవేదోను 1639 నుంచి 1643 దాకా అందులో బంధించారు. అంతర్యుద్ధ కాలంలో వేలమందిని అక్కడే ఖైదు చేశారు. నేడు అది పరడోర్. లియోన్ వెళితే మధ్యాహ్నం ఎండ ఉండగా కెథడ్రల్‌లోకి వెళ్లండి. దాదాపు 1,800 చదరపు మీటర్ల రంగుటద్దాల గుండా వెలుగు నేల మీద పడుతుంది.

అందరూ అడిగేది గ్రనడా గురించి. అక్కడి పరడోర్ అల్హంబ్రా కోట ప్రాకారం లోపలే ఉంది. ముస్లిం రాజుల కాలపు భవనం మీద క్రైస్తవులు సాన్ ఫ్రాన్సిస్కో మఠం కట్టారు, అది 1945లో విడిది అయింది. 1492 జనవరిలో గ్రనడాను గెలుచుకున్న ఇసబెల్లా 1504లో చనిపోతే ఆమెను మొదట ఈ మఠంలోనే పాతిపెట్టారు. భర్త ఫెర్డినాండ్‌నూ పక్కనే ఉంచారు. 1521లో ఇద్దరి అవశేషాలనూ ఊళ్లోని రాజ ప్రార్థనాలయానికి మార్చారు. ఆ తొలి సమాధి చోటు ఇప్పటికీ పరడోర్ ముంగిట్లో కనిపిస్తుంది. గదులు కొద్ది, కోరేవాళ్లు ఎక్కువ, అందుకే అద్దె కూడా ఎక్కువే. నెలల ముందే బుక్ చేసుకోవాలి. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. పరడోర్‌లో గది ఉన్నంత మాత్రాన అల్హంబ్రాలోని ముస్లిం రాజుల నస్రిద్ రాజమందిరాల్లోకి వదలరు. దానికి వేరే టికెట్టు, దాని మీద గంట, నిమిషం, మీ పేరు ఉంటాయి. పాస్‌పోర్టు చూపించాలి, ఆ వేళ దాటితే లోపలికి పోనివ్వరు. 12 సింహాల ముంగిలి చూడాలంటే ముందు ఆ టికెట్టు కొని, తర్వాతే విమానం టికెట్లు కొనండి. గది తీసుకోనివాళ్లు కూడా పరడోర్ డాబా మీద కూర్చుని, ఎదుటి కొండ మీద హెనెరలీఫే తోటలు చూస్తూ కాఫీ తాగవచ్చు.

నా మనసుకు దగ్గరైనది మాత్రం మనవాళ్లు అంతగా వెళ్లని క్వెంకా. మాడ్రిడ్ నుంచి వేగరైలు గంటలో చేరుస్తుంది. రెండు నదుల లోయల మధ్య రాతి కొండ మీద పాత ఊరు ఉంది. కొండ అంచున కట్టిన ఇళ్ల చెక్క వసారాలు లోయ మీదికి వేలాడుతుంటాయి. లోయకు ఇవతల 16వ శతాబ్దపు సాన్ పాబ్లో మఠంలో పరడోర్ నడుస్తోంది. రెంటినీ కలుపుతూ సన్నని ఇనుప వంతెన. దాని మీద నడుస్తుంటే కాళ్ల కింద పలకలు కదులుతాయి, కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఎత్తంటే భయం ఉన్నవాళ్లకు కిందినుంచి రోడ్డు దారి ఉంది. ఆ వేలాడే ఇళ్లలో ఫెర్నాందో సోబెల్ అనే చిత్రకారుడు 1966లో నైరూప్య చిత్రకళా మ్యూజియం తెరిచాడు. ఆయన పుట్టింది మనీలాలో. ఊరి వేగరైలు స్టేషన్‌కు ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. పొద్దున వచ్చిన టూరిస్టు బస్సులు సాయంత్రానికి వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఊరు ఊరివాళ్ల చేతికి తిరిగొస్తుంది. ముసలివాళ్లు చౌకులో బెంచీల మీద చేరతారు, పిల్లలు రాత్రి పది దాకా బంతి ఆడుతుంటారు. మాడ్రిడ్ నుంచి వచ్చి అదేరోజు వెనక్కి పోయేవాళ్లకు ఇదంతా దక్కదు.

దక్షిణాన రోండాలో 98 మీటర్ల ఎత్తున లోయను దాటే వంతెన ఉంది. 1793లో పూర్తయింది. దాని కొసనే పాత పురపాలక భవనంలో పరడోర్. హాయెన్‌లో కొండ మీద కోట పక్కనున్న పరడోర్ పాతదిలా కనిపించే 20వ శతాబ్దపు కట్టడమే. అయినా దాని కిటికీలోంచి కనుచూపు మేర ఆలివ్ తోటలు చూస్తే ఆ లోటు తెలియదు. ఆ జిల్లాలో 6 కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. కేనరీ దీవుల్లోని టెనెరిఫేలో 3,715 మీటర్ల తెయిదే అగ్నిపర్వతం కింద, 2,000 మీటర్లకు పైన, ఒక పరడోర్ ఉంది. అక్కడ ఉండేది నక్షత్రాల కోసం. స్వెట్టర్లు తీసుకెళ్లండి, ఊపిరి, గుండె సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ని అడిగి వెళ్లండి.

స్పెయిన్‌లో మాటామంతీ కలిసినప్పుడు మనది ఆంధ్రప్రదేశ్ అని చెప్పి చూడండి. అనంతపురం పేరు వాళ్లే ఎత్తవచ్చు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విసెంతే ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో కన్నుమూసేదాకా ఆ కరవు నేల కోసమే బతికారు. ఆయన సంస్థ ద్వారా అక్కడి పిల్లల చదువుకు డబ్బు పంపే కుటుంబాలు స్పెయిన్‌లో చాలా ఉన్నాయి. మన జిల్లా పేరు పరాయి దేశపు ఇళ్లలో అంత ఆప్యాయంగా వినిపించడం మనం గర్వపడాల్సిన విషయం.

భోజనం గురించి శాకాహారులు బెంగపడనక్కర్లేదు, కానీ అడిగి తినాలి. కూరగాయల వంటకంలో కూడా పంది మాంసం ముక్కలు వేస్తారు. మాంసం వద్దంటే సరిపోదు, హమోన్ (పంది మాంసం), చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. సెవిల్ వైపు పాలకూర, శనగల కూర, కార్డోబాలో తేనెపాకంతో వేయించిన వంకాయ, గలీసియాలో ఉప్పు చల్లిన పద్రోన్ మిరపకాయలు మన నోటికి బాగా పడతాయి. పద్రోన్‌లో ఎక్కువ కాయలు కమ్మగా ఉంటాయి, ఎప్పుడో ఒకటి ఘాటుగా తగులుతుంది. రాత్రి భోజనం ఎనిమిదిన్నర, తొమ్మిదికి ముందు దొరకడం కష్టం. అమ్మానాన్నలకు షుగర్ ఉంటే సాయంత్రానికి తినడానికేదైనా దగ్గర పెట్టుకోండి.

అమ్మానాన్నలను తీసుకెళ్తే ఇంకో రెండు మాటలు. 55 దాటినవారికీ, యువతకూ పరడోర్లలో రాయితీలుంటాయి, అడగండి. బ్రిటన్‌లో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాలి, బ్రిటన్ వీసా పనికిరాదు. జులై, ఆగస్టుల్లో దక్షిణాన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పెద్దవాళ్లకు ఏప్రిల్ చివర, మే, అక్టోబర్ నెలలు మంచివి. ఈస్టర్ ముందు వారం సెవిల్‌లో ఊరేగింపులు గొప్పగా ఉంటాయి, గదుల ధరలూ ఆకాశంలో ఉంటాయి.

గ్రనడా పరడోర్‌లో గది దొరకలేదని ఆ ఊరు మానుకోవద్దు. హాయెన్ జిల్లాలోనే ఉబెదా అనే ఊరుంది. ప్రధాన చౌకులో 16వ శతాబ్దపు భవంతిలో 1930లో తెరిచిన పరడోర్ ఉంది. అద్దె తక్కువ, జనం తక్కువ, చుట్టూ ఆలివ్ తోటలు. అక్కడి నుంచి గ్రనడాకు బస్సులున్నాయి. అల్హంబ్రా టికెట్టు మధ్యాహ్నానికి తీసుకుంటే పొద్దున బయల్దేరి చూసి రావచ్చు.