మనవాడు నిలబడితే మనవాళ్ళు వేస్తారా?

2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నికప్పుడు బాపులపాడులో మేము పదేపదే విన్న ప్రశ్న ఇది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి తెలుగువారు. అయినా తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ తమిళనాడుకు చెందిన సి.పి. రాధాకృష్ణన్‌కే మద్దతిచ్చాయి. భారత రాష్ట్ర సమితి ఓటింగుకే వెళ్ళలేదు. ఫలితం 452, 300.

అమెరికాలో అధ్యక్షుడికి, ఉపాధ్యక్షుడికి కలిపి ఒకటే ఓటు. అందుకే జోడీ అభ్యర్థి సొంత రాష్ట్రం కలిసివస్తుందని పార్టీల ఆశ. 1960లో జాన్సన్ వల్లే టెక్సాస్ కెనెడీకి దక్కిందంటారు. 2012లో మాత్రం పాల్ ర్యాన్ సొంత విస్కాన్సిన్‌లోనే రోమ్నీ ఓడిపోయాడు. 2024లో వాన్స్ భార్య ఉష పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరని మనమంతా మురిసిపోయాం గానీ, వాన్స్ రాష్ట్రం ఒహాయో 2016, 2020లలోనూ ట్రంప్‌దే!

మన దగ్గర ఉపరాష్ట్రపతికి విడిగా ఎన్నిక. పార్లమెంటు ఉభయసభల సభ్యులే ఓటర్లు. ఎమ్మెల్యేలకు ఓటు లేదు. రహస్య ఓటు, విప్ వర్తించదు. అయినా చాలావరకు పార్టీ మాటే చెల్లుతుంది. 2017లో వెంకయ్యనాయుడికి తెలుగు పార్టీలు మద్దతిచ్చాయి నిజమే. అయితే ఆయన అధికార కూటమి అభ్యర్థి. అందులో అభిమానం ఎంతో, లెక్క ఎంతో!

తమ్ముళ్ళూ, ఒక కూడిక చేయండి. ఆంధ్రకు లోక్‌సభలో 25, రాజ్యసభలో 11. తెలంగాణకు 17, 7. మొత్తం 60. ఆ అరవైమందీ ఇటే ఉండి, అటు మారారనుకున్నా 392, 360 అయ్యేది. సుదర్శన్ రెడ్డి అప్పటికీ ఓడిపోయేవారే.