సూర్యాస్తమయం దాకా విందు... ఆపై పస్తు!

'పండగ ఇవాళా, రేపా?'... ఏటా ఏదో ఒక పండక్కి తెలుగిళ్లలో ఈ ప్రశ్న రాక మానదు. సూర్యోదయానికి తిథి ఉండాలని ఒకరంటారు, కాదు రాత్రికి ఉండాలని మరొకరంటారు. చివరికి ఇంట్లో పెద్దావిడ చెప్పిందే పంచాంగం! యూదులకూ అచ్చం ఇలాంటి చిక్కే ఒకటుంది. కాకపోతే వాళ్లది పండగ గొడవ కాదు... పస్తు గొడవ. ఏడాదిలోకెల్లా దుఃఖమయమైన ఉపవాసం వచ్చి, వారంలోకెల్లా సంతోషంగా ఉండి తీరాల్సిన శనివారానికి అంటుకుంటే ఏం చేయాలి?

2025 ఆగస్టు 2, శనివారం. ఆచారం పాటించే యూదుల ఇళ్లలో ఆ సాయంత్రం బల్లమీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. రొట్టె, మాంసం కూర, ద్రాక్షసారా... దేనికీ లోటు లేదు. ఇంటిల్లిపాదీ మంచి బట్టలు కట్టుకుని కూర్చుని తింటున్నారు. అందరి చూపూ మాత్రం గడియారం మీదే. సూర్యుడు అస్తమించే నిమిషానికి చేతిలో ముద్ద ఉన్నా పక్కన పెట్టేయాల్సిందే. మళ్లీ ఆదివారం చీకటి పడేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. ఇంకో గంట గడిస్తే ఇదే కుటుంబం నేలమీద చతికిలబడి, మసక వెలుతురులో విలాపవాక్యాలు వింటూ ఉంటుంది.

ఏమిటా తొమ్మిదో రోజు?

ఆ ఉపవాసం పేరు 'తిషా బావ్'. అంటే ఆవ్ నెలలో తొమ్మిదో రోజు. మన లెక్కలో చెప్పుకోవాలంటే శుద్ధ నవమి అన్నమాట. అవును, యూదులదీ చంద్రుణ్ని బట్టి నడిచే పంచాంగమే. మనకు అధికమాసం ఉన్నట్టే వాళ్లకూ పందొమ్మిదేళ్లకు ఏడు అధికమాసాలు వస్తాయి. తేడా ఎక్కడంటే మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, వాళ్లకు సూర్యాస్తమయంతో. కాబట్టి వాళ్ల ఆదివారం శనివారం సాయంత్రమే వచ్చేస్తుంది. ఈ కథలో చిక్కంతా అక్కడే ఉంది.

క్రీ.పూ. 586లో బాబిలోన్ రాజు నెబుకద్నెజరు సైన్యం జెరూసలేంలో సొలొమోను కట్టించిన దేవాలయాన్ని తగలబెట్టింది. తర్వాత యూదులు తిరిగి కట్టుకున్న రెండో ఆలయాన్ని క్రీ.శ. 70లో టైటస్ నాయకత్వంలోని రోమన్ సేనలు బూడిద చేశాయి. రెండూ ఈ తిథినాడే జరిగాయన్నది యూదుల నమ్మకం. వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా ఈ రోజు పేరుమీద మొత్తం అయిదు విపత్తుల్ని లెక్కగట్టింది.

అందుకే మూడు వారాల ముందునుంచే దుఃఖం మొదలవుతుంది. చాలామంది ఇళ్లలో పెళ్లిళ్లుండవు, క్షవరాలుండవు. ఆవ్ నెల పుట్టిందంటే శనివారం తప్ప మిగతా రోజుల్లో మాంసం, ద్రాక్షసారా కూడా బంద్. ఇక ఉపవాసం నాడు తిండి, నీళ్లే కాదు... స్నానం లేదు, నూనెలూ అత్తర్లూ లేవు, తోలు చెప్పులు వేసుకోరు, దంపతులు దూరంగా ఉంటారు. ఎదురుపడితే పలకరించుకోరు కూడా! మామూలుగా అయితే ముందురోజు సాయంత్రం ఆఖరి భోజనమూ చావింటి భోజనంలాగే ఉంటుంది. నేలమీద ఒంటరిగా కూర్చుని, బూడిదలో అద్దిన రొట్టెముక్క, ఉడికించిన గుడ్డు తింటారు. అంతే.

శనివారం ముందు అన్నీ దిగదుడుపే

మరి ఆ ముందురోజు శనివారమైతే? శనివారమంటే 'షబ్బాత్'. పొయ్యి వెలిగించరు, పని ముట్టరు, మూడుపూటలా కడుపునిండా తింటారు. ఆ రోజు ఏడుపు మొహం పెట్టడమే తప్పు. కాబట్టి బూడిద రొట్టెకు చోటే లేదు. ఆ సాయంత్రం బల్లను సొలొమోను మహారాజు వైభవంగా ఉన్నప్పటి విందులా అలంకరించినా ఫర్వాలేదని శాస్త్రం చెప్పింది. రేపటి దుఃఖం తలుచుకుని మాంసం మానేస్తానంటే ఒప్పుకోరు. మానితే షబ్బాత్‌ను అవమానించినట్టేనట.

2025లో ఉపవాస తిథే ఆదివారం వచ్చింది. అంతకంటే పెద్ద తిరకాసు తిథి సరిగ్గా శనివారమే పడితే వస్తుంది. 2022లో అలాగే జరిగింది. ఆగస్టు 6 శనివారం తొమ్మిదో తిథి. ఉపవాసాన్ని పదో తిథికి, అంటే ఏడో తేదీ ఆదివారానికి జరిపారు. 2012, 2015, 2016, 2018, 2019 సంవత్సరాల్లోనూ ఇదే తంతు. అన్ని ఉపవాసాలూ ఇలాగే ముందుకు జరుగుతాయనుకోకండి. ఎస్తేరు ఉపవాసం శనివారం పడితే వెనక్కి జరిపి గురువారమే చేసేస్తారు. విపత్తును గుర్తుచేసే ఉపవాసాన్ని మాత్రం గడువుకంటే ముందుకు లాక్కోకూడదు. చెడును ఎదురెళ్లి పిలవడం ఎవరికిష్టం? ఇక శనివారమైనా సరే జరగనిది ఒక్కటే... ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్.

అన్నట్టు, యోమ్ కిప్పూర్ శుక్రవారంగానీ ఆదివారంగానీ రాకుండా పంచాంగాన్నే సర్దిపెట్టారు. ఆ రోజున కూడా షబ్బాత్‌లాగే పొయ్యి వెలిగించకూడదు మరి. రెండూ పక్కపక్కన వస్తే రెండురోజులపాటు వంటింటి గతేంకాను! తిషా బావ్‌కు ఆ ఇబ్బంది లేదు కాబట్టి అది ఆది, మంగళ, గురు, శని వారాల్లో ఎప్పుడైనా రావచ్చు. ఎప్పుడొస్తుందో ముందే తెలుసుకోవడానికి ఒక చిట్కా కూడా ఉంది. ఆ ఏడు పస్కా పండగ మొదటిరోజు ఏ వారమైతే తిషా బావ్ తిథీ ఆ వారమే. పస్కా రాత్రి విందులో ఉడికించిన గుడ్డు తినడానికి ఇదీ ఒక కారణమని పోలండు పండితుడు మోషే ఇస్సెర్లిస్ 16వ శతాబ్దంలో రాశాడు. ఎంత పెద్ద పండగ రోజైనా ఆ దుఃఖాన్ని మరవకూడదని!

'ఎలాగూ తప్పింది కదా...'

ఇలా శనివారం నుంచి జరిపిన ఉపవాసం గురించి తాల్ముద్‌లో ఒక ముచ్చటైన ప్రస్తావన ఉంది. క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నాను కూర్చిన మహాపండితుడు రబ్బీ యెహూదా హనాసి. ఓ ఏడు తిథి శనివారం పడింది. ఎలాగూ అసలు రోజు తప్పిపోయింది కదా, ఈ ఏటికి పూర్తిగా వదిలేద్దామన్నాడాయన. మిగతా పండితులు ససేమిరా అన్నారు. అంతటి పెద్దమనిషి మాటా చెల్లలేదు. చెల్లి ఉంటే 2022లో యూదులకు ఆ ఆదివారం పస్తు తప్పేదన్నమాట.

ఇంకో విచిత్రం. రోమన్లు తొమ్మిదో తిథి సాయంత్రం నిప్పు పెడితే ఆలయం పదో తిథంతా తగలబడుతూనే ఉందట. తానే గనక ఆ కాలంలో ఉంటే ఉపవాసాన్ని పదో తిథికే పెట్టేవాణ్ననేవాడు రబ్బీ యోహానాన్. ఆయన కోరిక శనివారం అడ్డొచ్చిన ఏళ్లలో మాత్రం తీరుతోంది!

ఆ పదో తిథికి మరో కథ కూడా ఉంది. జెరూసలేం ఆలయం ఉన్న రోజుల్లో బలిపీఠానికి కట్టెలు సమర్పించే బాధ్యతను కొన్ని కుటుంబాలు పంచుకునేవి. సెనాయా వంశంవాళ్ల వంతు ఆవ్ పదో తిథి. అది వాళ్లకు ఇంటి పండగ. ఒక ఏడు ఉపవాసం శనివారం నుంచి వాళ్ల పండగ మీదికి జరిగింది. ఏం చేశారు? ఉపవాసం పట్టారు గానీ పూర్తి చేయలేదు. పొద్దుగూకకముందే విరమించారు. ఆ వంశానికి చెందిన ఎలాజర్ బెన్ సాదోక్ చెప్పిన ఈ సంగతి ఉత్త జ్ఞాపకంగా మిగిలిపోలేదు. దీని ఆధారంగానే తర్వాతి ధర్మశాస్త్రం ఒక సడలింపు ఇచ్చింది. జరిపిన ఉపవాసం నాడు ఇంట్లో మగబిడ్డకు సున్నతి ఉంటే, ఆ తండ్రి మధ్యాహ్న ప్రార్థన పెందలాడే ముగించుకుని, స్నానం చేసి భోంచేయవచ్చు. అసలు తొమ్మిదో తిథే ఆదివారమైతే ఈ వెసులుబాటు లేదు.

అటూ ఇటూ కాని అరగంట

మళ్లీ ఆ శనివారం సాయంత్రానికి వద్దాం. సూర్యుడు అస్తమించాడు. తిండి ఆగిపోయింది. కానీ ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా షబ్బాత్ పూర్తికాదు. ఈ నడిమి సమయం ఊరిని బట్టి అరగంటో ముప్పావుగంటో ఉంటుంది. ఈ కాస్సేపూ వాళ్లు ఉపవాసంలో ఉన్నారు, దుఃఖంలో లేరు! తినకూడదు, నేలమీద కూర్చోకూడదు. తోలు బూట్లు విప్పకూడదు. విప్పితే విశ్రాంతి దినాన సంతాపం బయటపెట్టినట్టవుతుంది. చుక్కలు పొడిచాక, పవిత్ర దినాన్నీ మామూలు దినాన్నీ వేరుచేసిన దేవుణ్ని స్తుతిస్తూ ఒక్క మాట అనుకుని, అప్పుడు విప్పుతారు.

ఇందులో ఇంకో మెలిక. షబ్బాత్ రోజున మర్నాటి కోసం ఏ ఏర్పాటూ చేయకూడదు. రాత్రికి కావాల్సిన గుడ్డ బూట్లు సాయంత్రం చేత్తో పట్టుకుపోవడమూ ఏర్పాటే! అందుకని జాగ్రత్తపరులు శుక్రవారమే వాటిని ప్రార్థనామందిరంలో పెట్టి వస్తారు. చాలాచోట్ల ప్రార్థన కాస్త ఆలస్యంగా మొదలుపెడతారు, జనం ఇంటికెళ్లి బట్టలు మార్చుకుని రావడానికి. 'రాత్రి మేలుకోవాలి, ఇప్పుడు కాస్త కునుకు తీస్తా' అని పైకి అనడం కూడా కూడదు. కునుకు తీయొచ్చు... అనకూడదంతే! మూడోపూట ఎంగిలి గిన్నెలూ అంతే. శనివారం కడగకూడదు, రాత్రి నుంచి ఉపవాసం. ఆదివారం మధ్యాహ్నం దాటేదాకా అవి తొట్టిలోనే. ఇల్లాలికి అదో విశ్రాంతి అనాలో, భారం అనాలో!

మంట ఉంది... సుగంధం లేదు

ప్రతి శనివారం రాత్రి షబ్బాత్‌కు వీడ్కోలు చెప్పే చిన్న వేడుకుంది. పేరు 'హవ్దలా'. ఒక గిన్నెలో ద్రాక్షరసం, లవంగాలో దాల్చినచెక్కో వేసిన సుగంధాల భరిణె, జడలా అల్లిన కొవ్వొత్తి. పిల్లలకు చాలా ఇష్టమైన ఘట్టం. కానీ ఆ రాత్రి ఉపవాసమాయె, ద్రాక్షరసం ఎవరు తాగుతారు? సుగంధాలు మనసుకు హాయినిచ్చేవి. దుఃఖపు రాత్రి హాయి కూడదు. మిగిలింది మంట. షబ్బాత్ ముగిసిన రాత్రే ఆదాము తొలిసారి రెండు రాళ్లు రాపాడించి నిప్పు పుట్టించాడని తాల్ముద్ కథ. ఆ స్తోత్రాన్ని ఇంకో రాత్రికి వాయిదా వేయడం కుదరదు. అందుకే కొవ్వొత్తి ఒక్కటే వెలుగుతుంది. ఆలయం తగలబడిన రాత్రి నిప్పు కోసం దేవుణ్ని స్తుతించి, ఆ వెంటనే విలాపవాక్యాలు అందుకుంటారు. ద్రాక్షరసం భాగం మాత్రం ఆదివారం రాత్రికి వాయిదా.

మరి జబ్బుగా ఉన్నవాళ్లో? ప్రాణానికి ప్రమాదమైతే ఏ ఉపవాసమూ అడ్డు కాదు. తినాల్సిందే. కాకపోతే హవ్దలా చెప్పకుండా నోట్లో ముద్ద పెట్టకూడదన్న నియమముంది. కాబట్టి ఆ రోగి ఆదివారం ఉదయమే గిన్నె చేతబట్టి హవ్దలా చెప్పుకుని, అప్పుడు తింటాడు. ఊరంతా పీటలమీద కూర్చుని శోకిస్తుంటే ఒక్కరి ఇంట్లో ఆ గిన్నె లేస్తుందన్నమాట.

అనపగింజల ఉపవాసం

ఈ రెండు ఆచారాలకూ మన దేశంలో మంచి స్థానిక పేర్లున్నాయి. కొంకణ తీరంలో తరతరాలుగా గానుగలాడించి బతికిన బెనె ఇజ్రాయెల్ యూదుల్ని ఇరుగుపొరుగు మరాఠీలు 'శనివార్ తేలీ' అనేవాళ్లు. వారమంతా నూనె తీసి శనివారం మాత్రం గానుగ ఆపేసేవాళ్లు మరి. వాళ్ల భాషలో తిషా బావ్ పేరు 'బిర్డ్యాచా రోజా'. బిర్డా అంటే మొలకెత్తించిన అనపగింజల కూర! గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోనూ తమను 'బెనె ఎఫ్రాయిం' యూదులుగా చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం దాటాక నేల విడిచి కుర్చీలెక్కుతారు. వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలవుతుంది. చీకటి పడ్డాక నీళ్లకంటే ముందు పైకి లేచేది నిన్న వాయిదా పడిన ఆ గిన్నే. ఈసారి కొవ్వొత్తీ ఉండదు, భరిణే ఉండదు. తొమ్మిదో తిథే ఆదివారమైన ఏడు, ఆలయం మర్నాడంతా తగలబడింది కాబట్టి, చాలామంది సోమవారం మధ్యాహ్నందాకా మాంసం ముట్టరు. ఉపవాసం శనివారం నుంచి జరిగిన ఏడైతే పదో తిథి అప్పటికే అయిపోయింది. ఆ ఒక్క రాత్రి మాంసం మానేస్తే చాలు, స్నానాలూ బట్టలుతుక్కోవడాలూ వెంటనే మొదలు. తిథి మళ్లీ శనివారం పడేది 2029 జులై 21న.