అతిథిని పిలిచేవారిపై ఉన్న అమానత్

ఒక ప్రాంతంపై ఆపద విరుచుకుపడినప్పుడు ముందు ప్రాణాలు పోతాయి, ఆ తరువాత ఉపాధి పోతుంది. శిథిలాలు తొలగించినా, నీరు తీసినా, భయపడిన యాత్రికులు వెంటనే తిరిగి రారు. వారిని రప్పించడానికి కొన్ని దేశాలు, విమాన సంస్థలు ఎంచుకున్న ఉపాయం ఉచిత విమాన టికెట్టు.

గల్ఫ్ యుద్ధం వల్ల ప్రయాణాలు తగ్గిపోగా, 1991 ఏప్రిల్ 23న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 50,000 సీట్లను ఉచితంగా ఇచ్చింది. కోవిడ్ ఆంక్షలు ముగిశాక 2023 ఫిబ్రవరిలో హాంకాంగ్ 5 లక్షల టికెట్లను ప్రకటించింది. 2011 మార్చి నాటి భూకంపం, సునామీ, అణు ప్రమాదాల తరువాత జపాన్ పర్యాటక శాఖ 10,000 మంది విదేశీయులకు ఉచిత ప్రయాణాన్ని ప్రతిపాదించింది. అయితే నిధులు మంజూరు కాక ఆ ఆలోచన ఆగిపోయింది.

కానుక ఇవ్వడం, అతిథిని గౌరవించడం మన ధర్మంలో పుణ్యకార్యాలు. భూమిపై సంచరించి గత జాతుల పర్యవసానాన్ని గమనించమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు ప్రబోధిస్తోంది. యాత్రికుల రాకతో పేదవాని ఇంట పొయ్యి వెలిగితే అది సంతోషకరమే. కనుక ఉచిత టికెట్టులో స్వతహాగా దోషం లేదు. కాని రమ్మని పిలిచేవారు, పిలిచిన చోటు ఎంతవరకు సురక్షితమో చెబుతున్నారా? ఈ ప్రశ్నను మనం మన గోదావరి ఒడ్డునే వేసుకోవాలి.

కొవ్వూరుకు ఎగువన, పాపికొండల నడుమ గోదావరి ఇరుకైన లోయలో ప్రవహిస్తుంది. 2019 సెప్టెంబరు 15న గండిపోచమ్మ వద్ద బయలుదేరిన ‘రాయల్ వశిష్ఠ’ పర్యాటక బోటు కచ్చులూరు వద్ద మునిగిపోయింది. అందులో 70 మందికి పైగా ఉండగా 26 మంది మాత్రమే బయటపడ్డారు. వారిలో అనేకులను కాపాడినవారు ఒడ్డునున్న గ్రామస్థులే. బోటును అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయారు. అంతకు ముందు సంవత్సరం, 2018 మేలో, ఇదే నదిలో మంటూరు వద్ద లాంచీ మునిగి పలువురు మరణించారు.

కచ్చులూరు ఘటనలో మనం గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఆనాడు నదిలో ఉన్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులే. కొవ్వూరు గట్టున నిలబడి చూసినవారికి అది పెద్ద వరద కాదు. కొండల మధ్య సుడులు తిరిగే చోట మాత్రం అంత నీరే ప్రాణాంతకమైంది. డెల్టాలో హెచ్చరిక లేనంత మాత్రాన లోయలో క్షేమమని అనుకోరాదు.

ఆ విషాదంతో బోట్లు ఆగిపోయాయి. సరంగులు, వంటవారు, ఒడ్డున చిరుతిళ్లు అమ్ముకునేవారు ఉపాధి కోల్పోయారు. పాపికొండల విహారం తిరిగి మొదలైంది 2021లో. ఈ మధ్యకాలంలో ప్రభుత్వం బోట్ల పర్యవేక్షణకు కంట్రోల్ రూముల ఏర్పాటును చేపట్టింది. యాత్రికులకు కావలసింది ఇటువంటి భద్రతే. తక్కువ ధరకో, ఉచితంగానో టికెట్టు ఇచ్చినంత మాత్రాన ఆ భద్రత సమకూరదు.

మహాప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటన హదీసులలో ఉంది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన గింజలను ప్రజలకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. లోపాన్ని దాచి అమ్మడాన్ని తీవ్రంగా ఖండించారు. తడిసిన ధాన్యం సంగతి గోదావరి రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. పర్యాటకానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. అందమైన ప్రకటనను పైన పరచి, అనుమతి లేని బోటును, లెక్కకు మించిన ప్రయాణికులను, నది ఉద్ధృతిని అడుగున దాచడం తడిసిన ధాన్యాన్ని దాచడం వంటిదే. టికెట్టుకు డబ్బు తీసుకోకపోయినా ఆ దోషం తొలగదు. అతిథి ప్రాణం పిలిచినవాని చేతిలో అమానత్.

బాధ్యత యాత్రికులపైనా ఉంది. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) బోధించారు. సెలవులలో పిల్లాపాపలతో నదీ విహారానికి వెళ్లే కుటుంబ పెద్దలు ముందుగా నది నీటిమట్టాన్ని, బోటుకు గల అనుమతిని కనుక్కోవాలి. అందరికీ, చంటిపిల్లలకు సైతం, సరిపడే లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో చూడాలి. వాటిని దిగేవరకు విప్పనివ్వరాదు. సందేహం కలిగితే, డబ్బు కట్టిన తరువాతనైనా వెనుదిరగాలి. పోయిన డబ్బును అల్లాహ్ మరొక విధంగా ఇవ్వగలడు.

ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్లేనని ఖుర్ఆన్ బోధ. కచ్చులూరు గ్రామస్థులు పరుగెత్తుకు వెళ్లి చేసిన పనిని, బోటు రేవు వదలక ముందే మనం చేయగలగాలి. మన నదిపై బతికేవారి జీవనోపాధిని, దానిని చూడవచ్చే అతిథుల ప్రాణాలను అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.